పిలుపు లేని శుభలేఖ

రండి, రండి, ముందుకు జరగండి. చెప్పులు అక్కడ విడిచి ఈ చాప మీదికి వచ్చేయండి. అమ్మా, పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకో, వెనకాల పెద్దాయనకి అడ్డం వస్తున్నాడు. ఫోన్లు లోపల పెట్టమని మాత్రం అననులెండి, ఇవాళ్టి కథ సగం ఆ ఫోన్లోనే జరిగింది. ఒక్కసారి స్వామిని తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక వినండి.

గుంటూరు అరండల్‌పేటలో కోదండపాణి అని, చేతిలో ఎంత పనితనం ఉందో తలలో అంత గర్వమూ ఉన్న ఒక శుభలేఖల డిజైనరు ఉండేవాడు.

అతను శుభలేఖ వేశాడంటే జనం పెళ్ళికూతురి పేరు కంటే ముందు దాని అంచు చూసేవాళ్ళు. మూలల్లో చిలకలు, మధ్యలో పూలతీగల్లా మెలికలు తిరిగిన అక్షరాలు, పైన బంగారు రంగు. కొన్నాళ్ళకి కార్డులు వేయించుకునేవాళ్ళు తగ్గారు. కోదండపాణి కంగారు పడలేదు. వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు కానీ, కాగితం మీద చేసిన పనే తెర మీదా చేసేవాడు. పేజీనంతా అక్షరాలతో సహా ఒకే పెద్ద బొమ్మగా తయారుచేసి అతికించేవాడు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలేవి కావు.

"కోదండం గారూ, ఇది ఫోన్లో వెతికితే దొరుకుతుందా?" అని ఎవరైనా అడిగితే నవ్వేవాడు.

"పువ్వు తుమ్మెదకి కబురు పెడుతుందా అండీ? వాసనుంటే అదే వస్తుంది" అనేవాడు.

ఆ ఊళ్ళో పెద్దాసుపత్రికి అవతలి వీధిలో శేషమాంబ సత్రం ఉండేది. రోగికి మంచం ఆసుపత్రి ఇస్తుంది, మరి రోగి వెంట వచ్చినవాళ్ళకి చాప ఎవరిస్తారు? ఆ ఒక్క ప్రశ్న వేసుకుని, శేషమాంబ అనే పుణ్యాత్మురాలు తన నిమ్మతోట అమ్మి కట్టించిన సత్రం అది. గది ఉచితం. రెండు పూటలా భోజనం ఉచితం. కులం అడగరు, మతం అడగరు. ఆసుపత్రి చీటీ చూపిస్తే చాలు. సత్రాన్ని చూసుకునే ఆవిడ అచ్చమ్మ గారు. ఆవిడ నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

పూర్వం బస్టాండు గోడ మీద ఈ సత్రం పేరు ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ గోడ కొట్టేశారు. పూర్వం జనం దారిన పోయేవాళ్ళని అడిగేవాళ్ళు. ఇప్పుడు దారిన పోయేవాడు కూడా తన దారి ఫోన్నే అడుగుతున్నాడు. అలా సత్రానికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆసుపత్రి ముందు పేవుమెంటు మీద జనం అట్టపెట్టెలు పరుచుకుని పడుకునేవాళ్ళు. అవతలి వీధిలో సత్రం వాళ్ళు ఉతికిన దుప్పట్లు మడత విప్పకుండా ఉండిపోయేవి.

ట్రస్టు పెద్ద రంగనాయకులు గారు "మనకూ ఒక వెబ్‌సైటు ఉండాలి" అన్నాడు. ఆ పని కోదండపాణికి వచ్చింది. విజయదశమి నాడు కొబ్బరికాయ కొట్టి తెర తీశారు. పేజీ తెరవగానే పెద్ద తలుపులు రెండూ విచ్చుకున్నాయి. లోపల దీపాల వరస. మధ్యలో శేషమాంబ గారి పటం. దాని కింద బంగారు అక్షరాలతో 'ఆర్తజన ఆశ్రయ కల్పవల్లి' అని ఉంది. అక్కడున్న ముసలమ్మలు తెర తాకి కళ్ళకద్దుకున్నారు. కోదండపాణి ఛాతీ అంగుళం పెరిగింది.

గదులు మాత్రం నిండలేదు.

రంగనాయకులు గారికి ఓపిక తక్కువ. ఒకనాడు అచ్చమ్మ గారిని పిలిచి, "కార్తీక పౌర్ణమి దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఈ గదులు ఇలాగే బావురుమంటుంటే భవనాన్ని పున్నారావు గారికి లీజుకిచ్చేస్తాను. ఆయన లాడ్జి పెట్టుకుంటాడంట. మనుషులు లేని గదుల్లో దీపం పెట్టుకుంటూ కూర్చోడానికి ట్రస్టు ఎందుకు?" అన్నాడు.

అచ్చమ్మ గారు వెంటనే వెళ్ళి ఆ సంగతి కోదండపాణికి చెప్పింది. కోదండపాణి మాత్రం చేతులు దులుపుకున్నాడు.

"సైటులో లోపం లేదండీ. చూసే కళ్ళు జనానికి లేవు" అన్నాడు.

ఇక పరీక్ష వచ్చింది. పరీక్ష ఎప్పుడూ గుమ్మం దాకా తడిసిన బట్టలతోనే వస్తుంది కదా!

ఒక సాయంత్రం వాన దంచి కొడుతోంది. సత్రం మెట్ల మీద ఒకావిడ మూట పట్టుకుని నిలబడింది. వినుకొండ అవతలి ఊరు. పేరు నాగేంద్రమ్మ. కూతురికి ఆపరేషనయి పెద్దాసుపత్రిలో పడుకుని ఉంది. అచ్చమ్మ గారు తలుపు తీసింది. సైటులో శేషమాంబ గారి పటం మార్చే పని మీద వచ్చిన కోదండపాణి కూడా అక్కడే ఉన్నాడు.

"తడిసిపోతున్నావు, లోపలికి రా తల్లీ. గది కావాలా?" అంది అచ్చమ్మ గారు.

"వద్దులేమ్మా. మళ్ళీ మోసపోయే ఓపిక నాకు లేదు. వాన తగ్గంగానే పోతా."

"మోసమేందే?"

"శేషమాంబ సత్రం అంట. గది ఇస్తామని ఫోన్లోనే డబ్బులు కట్టించుకున్నారు. వాళ్ళు చెప్పిన చోటికి పోతే అది సైకిళ్ళ కొట్టు. ఫోన్ చేస్తే ఎత్తటంలా. అసలా సత్రం అనేది ఈ ఊళ్ళో ఉందో లేదో!"

అచ్చమ్మ గారు నెత్తి కొట్టుకుంది. "ఉందో లేదో ఏంటే పిచ్చితల్లీ! నువ్వు నిలబడింది ఆ సత్రం మెట్ల మీదే!"

నాగేంద్రమ్మ నమ్మలేదు. ఆవిడకి చదువు రాదు. బోర్డు ఉన్నా లేనట్టే. కొంగులోంచి ఫోను తీసి, దాని మీద పడిన చినుకులు తుడిచి, "నేను నోటితో అడుగుతా, అదే చదివి చెబుద్ది. సూడండి కావాలంటే" అని గట్టిగా అడిగింది. "గుంటూరు పెద్దాసుపత్రి కాడ పడుకోడానికి సత్రం యాడుంది?"

ఫోను వెంటనే జవాబిచ్చింది. అన్నిటికన్నా పైన ఒక పేజీ. ఎర్రటి అక్షరాలు, పచ్చటి గీతలు. 'శేషమాంబ సత్రం. పెద్దాసుపత్రి దగ్గర గదులు. ఇప్పుడే బుక్ చేసుకోండి' అని ఉంది. అది సత్రం వాళ్ళది కాదు. ఎవడో దొంగ ఆ పేరు పెట్టుకుని కూర్చున్నాడు. కోదండపాణి ఫోను తీసుకుని కిందికి, ఇంకా కిందికి జరిపి చూశాడు. తన దీపాలూ లేవు, తన తలుపులూ లేవు.

ఉక్రోషం పట్టలేక, "ఛీ, ఎంత వికారంగా ఉందో చూడండి ఈ పేజీ! రంగుల పొందికే లేదు" అన్నాడు.

అంతే. అచ్చమ్మ గారి నోరు లేచింది.

"వికారంగా ఉన్నా వాడు పిలిచాడయ్యా! ఆపదలో ఉన్న ఆడదాన్ని దానికి అర్థమయ్యే మాటతో పిలిచి, కొంగులో ఉన్నది ఊడ్చుకుపోయాడు. నువ్వు శుభలేఖ వేశావు నాయనా, బంగారం లాంటి శుభలేఖ. పిలుపుకెవరెళ్ళారు? మీ ఇంట్లో పెళ్ళికి శుభలేఖ తెచ్చి మీ గోడకే అతికించుకుని ఊరుకుంటారా? గడపగడపకీ వెళ్ళి, పేరు పెట్టి పలకరించి, బొట్టు పెట్టి పిలవరూ?"

కోదండపాణి ఆ ఫోను నాగేంద్రమ్మ చేతిలో పెట్టేశాడు. ఎన్ని వందల పెళ్ళిళ్ళకి కార్డులు వేశాడో ఆయనకే తెలియదు. ఒక్క పెళ్ళికైనా జనం కార్డు అందం చూసి రాలేదు. పిలిస్తే వచ్చారు. ఈ చిన్న సంగతి ఆయనకి ఇన్నాళ్ళూ తట్టలేదు.

నాగేంద్రమ్మ తల తుడుచుకుని వేడన్నం తిన్నది. కోదండపాణి ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు తన సైటును తనే పరాయివాడిలా చూసుకున్నాడు. చదివాడు, తెలిసినవాళ్ళని అడిగాడు. చూడండి, ఈ సెర్చ్ ఇంజన్ అనేది ఊరూరా తిరిగే దూత లాంటిది. ఎవరింట్లో ఏముందో విని గుర్తుపెట్టుకుంటుంది, అడిగినవాళ్ళకి చెబుతుంది. దానికి మాట కావాలి. కోదండపాణి గుమ్మం దగ్గరికి ఆ దూత వచ్చినప్పుడు గోడ నిండా బొమ్మే ఉంది, మాట ఒక్కటీ లేదు. 'ఈ ఇంట్లో ఎవరూ ఉన్నట్టు లేదు' అనుకుని వెళ్ళిపోయింది. దొంగ మాత్రం గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నాడు. దూత వాడి మాట మోసుకెళ్ళింది.

అప్పుడు కోదండపాణి ఒక పని చేశాడు. కుర్చీ వదిలి లేచాడు. పెద్దాసుపత్రి వరండాకి వెళ్ళి, జనం మధ్య నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, అయ్యా, ఈ ఊళ్ళో పడుకోడానికి చోటు కావాలంటే మీరు ఫోన్ని ఏమని అడుగుతారు?" అన్నాడు.

"ఫ్రీ రూము అంటాం. ఇంకేమంటాం!" అన్నాడు ఒక ముసలాయన.

"నేనైతే ముందు అన్నం పెడతారా అని అడుగుతా" అంది ఆయన పక్కనావిడ.

"ఆడోళ్ళు ఒంటరిగా ఉండొచ్చా అని అడగాలి ముందు. నువ్వూ నీ అన్నమూ!" అంది ఇంకొకావిడ.

"మా ఆయనైతే నల్లులు ఉంటయ్యా అని అడుగుతాడు. ఇంట్లో ఉన్నయ్యి చాలవని!" అంది ఒక పడుచు. వరండా అంతా నవ్వింది. బాధలో ఉన్నవాళ్ళ నవ్వు వినడం పుణ్యం, నాయనా.

ఒక్కరంటే ఒక్కరు 'ఆర్తజన ఆశ్రయ కల్పవల్లి' అనలేదు.

కోదండపాణి తన చిలకల్ని తనే ఎగరేశాడు. తలుపుల్ని తీసేశాడు, దీపాల వరస తీసేశాడు. పునాది నుంచి మళ్ళీ కట్టాడు. ఈసారి అందం చివర వచ్చింది, మాట ముందు వచ్చింది. పైన, ఎవరైనా చదవగలిగే అక్షరాల్లో 'శేషమాంబ సత్రం, గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర రోగుల బంధువులకు ఉచిత గది, భోజనం' అని రాశాడు. దాని కింద వరండాలో విన్న ప్రశ్నలు వాళ్ళ మాటల్లోనే పెట్టాడు. అన్నం పెడతారా? పెడతాం. ఆడవాళ్ళు ఒంటరిగా ఉండొచ్చా? ఉండొచ్చు, వాళ్ళకి వేరే గదుల వరస ఉంది. నల్లులు ఉంటాయా? మంచాలు ఎండలో వేస్తాం, అయినా కనపడితే అచ్చమ్మ గారికి చెప్పండి. ఫొటోలు చిన్నవి చేసి, ప్రతి ఫొటోకీ అది ఏమిటో మాటల్లో రాశాడు. పాత ఫోన్లో, అరకొర సిగ్నల్లో కూడా పేజీ చప్పున తెరుచుకునేట్టు చూశాడు. దారి చూపే మ్యాపు పెట్టాడు. 'గదికి మేం డబ్బు తీసుకోం. ఎవరైనా అడిగితే నమ్మకండి' అని మరీ పెద్దగా రాశాడు. రక్తదానం వాళ్ళనీ, అన్నదానం వాళ్ళనీ కలిసి, వాళ్ళ సైట్లలో కూడా సత్రం చిరునామా చెప్పమని బతిమాలాడు. దొంగ పేజీ మీద పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాడు.

ఇదంతా చేసి కూర్చున్నాడు. విత్తనం వేసిన మర్నాడే కంకి ఎవరికి కనపడింది? గదుల్లోకి ఒకరిద్దరు వచ్చారు. అంతే. పౌర్ణమి దగ్గర పడుతోంది.

రంగనాయకులు గారు ఇక ఆగలేకపోయాడు. విజయవాడ నుంచి ప్రణీత్ అనే కుర్రాణ్ణి పిలిపించాడు. మనిషి చురుకు. మాట ఇంకా చురుకు.

"అంకుల్, మీకు కావాల్సింది ఎస్ఈవో. అంటే వెతికితే మీరు ముందు కనపడటం. వారంలో ఫస్టులో నిలబెడతా" అన్నాడు.

"ఎలా బాబూ?" అన్నాడు కోదండపాణి. నిజంగానే నేర్చుకుందామని అడిగాడు.

"సింపుల్. ఆసుపత్రి చుట్టుపక్కల జనం ఎక్కువ వెతికేది ఏంటి? ఉచిత ఆపరేషన్. ఉచిత మందులు. ఆ మాటలు పేజీ పైన పెట్టేద్దాం. ఇంకో వంద మాటలు తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో దాచేద్దాం. మనుషులకి కనపడవు. ఇంజన్‌కి వినపడతాయి."

"మనం ఆపరేషన్లు చేయం కదా!"

"వచ్చాక చెప్పుకోవచ్చు అంకుల్. ముందు రావాలి కదా!"

కోదండపాణి తల అడ్డంగా తిప్పాడు. "నేను రాయను."

రంగనాయకులు గారికి కోపం వచ్చింది. "ఏమయ్యా, నువ్వు మొదట కట్టిన సైటు కాకికి కూడా కనపడలేదు. ఇప్పుడు నాకు నీతులు చెబుతున్నావా?"

"మొదటిది నా గర్వం అండీ. తప్పే. దాన్ని నా చేత్తోనే పడగొట్టాను. ఇది పాపం. దీన్ని నా చేత్తో కట్టను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు కడతాడు."

"కట్టించుకోండి. నేను మాత్రం రాయను."

అన్నంత పనీ చేశాడు రంగనాయకులు గారు. సత్రం సైటులోనే ప్రణీత్ చేత ఒక కొత్త పేజీ పెట్టించాడు. 'ఉచిత ఆపరేషన్ సహాయం, శేషమాంబ సత్రం'. నిజంగానే అది పైకి లేచింది. జనం వచ్చారు. వచ్చి, గది చూసి, "డాక్టరేరీ?" అని అడిగి, గొణుక్కుంటూ పోయారు. రంగనాయకులు గారు మాత్రం వచ్చిన తలలు చూసి మురిసిపోయాడు. "చూశావా కోదండం, కదలిక!" అన్నాడు.

ఒక ఉదయం సత్రం ముందు ఆటో ఆగింది. మాచర్ల వైపు నుంచి నాగుల్ మీరా అనే మనిషి తల్లిని తీసుకొచ్చాడు. ఆమెకి తుంటి విరిగింది. ఊళ్ళో చిన్న ఆసుపత్రిలో ఉంటే, అక్కడ పేరు కొట్టేయించుకుని మరీ ఇంత దూరం వచ్చాడు. ఆటోలో ఆ తల్లి గతుకు గతుకుకీ పళ్ళు బిగబట్టి ఉంటుంది.

"డాక్టరు గారు ఎక్కడ సార్?" అన్నాడు నాగుల్ మీరా.

అచ్చమ్మ గారు మొహం తిప్పుకుంది. కోదండపాణి ముందుకొచ్చాడు.

"ఇక్కడ డాక్టరు లేడు నాయనా. ఇది సత్రం."

ఆ మనిషి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను తీసి, ఆ పైన ఉన్న లైను వేలు పెట్టి ఒక్కొక్క మాటగా చదివాడు. "ఉచిత... ఆపరేషన్... సహాయం. ఇట్టాగే ఉంది కదా సార్? నేనే తప్పు చదివానా? ఆగండి, మళ్ళీ చూస్తా."

మళ్ళీ చదివాడు. తప్పు తనదే అయి ఉండాలని వెతుక్కుంటున్నాడు పాపం.

ఆటోలోంచి ఆ తల్లి, "పోనీలేరా మీరా, వాళ్ళనేం అనబాక. ఆ పైవాడే సూసుకుంటాడు" అంది.

పైవాడు చూసుకుంటాడు, నిజమే. కానీ ఆయన చూసుకోడానికి ఇక్కడ మన చేతులే వాడుకుంటాడు. కోదండపాణి ఆ ఆటోలోనే ఎక్కాడు. పెద్దాసుపత్రిలో ఈ కిటికీ ఆ కిటికీ తిరిగి, చీటీ రాయించి, ఆ తల్లికి మంచం దొరికేదాకా అక్కడే ఉన్నాడు. కొడుక్కి సత్రంలో గది ఇప్పించాడు. తర్వాత నేరుగా సత్రం ఆఫీసుగదికి వచ్చాడు. రంగనాయకులు గారూ ప్రణీతూ అక్కడే ఉన్నారు. కోదండపాణి కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరినీ పలకరించకుండా పని ముగించి లేచాడు.

"ఏం చేశావయ్యా?" అన్నాడు రంగనాయకులు గారు.

"ఆ పేజీ తీసేశాను."

"ఎవర్ని అడిగి?"

"అడిగితే వద్దంటారని అడగలేదు."

"నీకెంత ధైర్యం! పౌర్ణమికి గదులు నిండకపోతే సత్రం పోతుంది. తెలుసా?"

"పోనీయండి" అన్నాడు కోదండపాణి. "పోతే నిజంగా పోనీయండి. బయట ఒక దొంగ మన పేరు పెట్టుకుని పేదవాళ్ళని మోసం చేస్తున్నాడు. మనమూ అదే చేస్తే ఆ దొంగకీ మనకీ తేడా ఏముంది? వాడు సైకిళ్ళ కొట్టు చూపించాడు, మనం గది చూపించాం. విరిగిన తుంటితో వచ్చిన ఆ తల్లికి రెండూ ఒకటే."

ప్రణీత్ ఎగతాళిగా నవ్వాడు. "అంకుల్‌కి ఎస్ఈవో అంటే ఏంటో తెలీదు. సెంటిమెంట్ తెలుసు."

"నిన్నటిదాకా తెలీదు బాబూ. ఇప్పుడు కొంచెం తెలిసింది. ఇల్లు కట్టేటప్పుడే గుమ్మం పెట్టుకుంటాం. నేను గుమ్మం లేకుండా మేడ కట్టాను, అది నా బుద్ధితక్కువ. నువ్వు గోడ మీద గుమ్మం బొమ్మ గీస్తున్నావు. నమ్మి వచ్చినవాడి నుదురు పగులుతుంది. ఇంజన్‌ని ఒకసారి మోసం చేస్తావు. అది పసిగట్టిన రోజు నీ పేజీని పాతాళంలో పడేస్తుంది. మరి పగిలిన నుదురు ఎవడు అతికిస్తాడు?"

అచ్చమ్మ గారు ఇక ఊరుకోలేదు. నడుముకి దోపుకున్న తాళాల గుత్తి తీసి గుప్పిట్లో బిగించింది. "రంగనాయకులు గారూ, మీరు పెద్దవారు. కానీ ఆ లాడ్జాయనకి ఈ తాళాలు నా చేతులతో ఇవ్వను. కావాలంటే ఈ వేళ్ళు విడదీసి తీసుకోండి. అంతదాకా ఇది సత్రం!"

ఆవిడ వేళ్ళు విడదీసే ధైర్యం గుంటూరు జిల్లాలోనే ఎవరికీ లేదు. రంగనాయకులు గారు విసురుగా లేచి, "పౌర్ణమికి పున్నారావుని తీసుకొస్తా. ఖాళీ గదులు ఆయనకే చూపిస్తా" అని వెళ్ళిపోయాడు. ప్రణీత్ ఆయన వెనకాలే పోయాడు.

ఆ తర్వాత ఏం జరిగింది? అద్భుతమేమీ జరగలేదు. పని జరిగింది. ఆ దూత మళ్ళీ సత్రం గుమ్మానికి వచ్చింది. ఈసారి లోపల నుంచి మాట వినపడింది. తేట మాట, నిజం మాట, అడిగేవాళ్ళు అడిగే మాట. రక్తదానం వాళ్ళూ, అన్నదానం వాళ్ళూ తమ సైట్లలో 'అవును, ఆ సత్రం అక్కడే ఉంది' అని సాక్ష్యం చెప్పారు. సత్రం పేజీ నెమ్మదిగా పైకి పాకింది. వచ్చి పడుకున్నవాళ్ళు మెచ్చుకుంటూ నాలుగు మాటలు రాశారు. దొంగ పేజీ కిందికి దిగింది, ఇంకా కిందికి దిగింది, చివరికి కనపడకుండా పోయింది. ప్రణీత్ అవే దొంగ అక్షరాలతో నిలబెట్టిన ఒక హోటలు పేజీ కూడా అలాగే పాతాళానికి పోయిందని తర్వాత తెలిసింది.

కార్తీక పౌర్ణమి నాడు రంగనాయకులు గారు పున్నారావుని వెంటబెట్టుకుని వచ్చాడు. పున్నారావు చేతిలో గోడలు కొలిచే టేపు ఉంది. తలుపు తోసుకుని లోపల అడుగు పెట్టబోయారు. పెట్టడానికి చోటు లేదు. నడవ నిండా చెప్పులు. వరండా నిండా చాపలు. ఒక గదిలో ఎవరో పసిపిల్లకి జోల పాడుతున్నారు. ఇంకో గదిలో "ఉప్మాలో ఉప్పెక్కువైంది" అని ఒకాయన వాదిస్తుంటే, "ఊరికే పెట్టిన ఉప్మాకి వంకలు కూడానా?" అని ఆయన భార్య కసురుతోంది.

రేపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గుమ్మం దగ్గర మూట విప్పుకుంటోంది. టేపు పట్టుకుని నిలబడ్డ పున్నారావుని పైనుంచి కిందిదాకా చూసి జాలిపడింది.

"నాయనా, పొద్దున్నే రావాల్సింది. గదులు అయిపోయినయ్యి. మీవాళ్ళు ఏ వార్డులో ఉన్నారు? కాస్త కాళ్ళు ముడుచుకుంటే ఈ మూల నీకూ చోటుందిలే, పడుకో" అని చాప జరిపింది.

పున్నారావు టేపు జేబులో పెట్టుకున్నాడు.

రంగనాయకులు గారు ఆ పెద్దావిడ ముందు వంగి, "అమ్మా, ఈ సత్రం ఇక్కడుందని మీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఫోన్ని అడిగితే చెప్పింది. గదికి డబ్బులడిగితే నమ్మొద్దని కూడా చెప్పింది. నల్లుల సంగతి కూడా దాచుకోలా! ఇంత నిక్కచ్చిగా మాట్టాడేవోళ్ళు అన్నం కూడా నిక్కచ్చిగానే పెడతారులే అని వచ్చా."

రంగనాయకులు గారు ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తర్వాత లేచి పున్నారావు భుజం మీద చెయ్యి వేసి, "చోటు లేదు పున్నారావు గారూ. ఏమీ అనుకోవద్దు" అన్నాడు. చొక్కా చేతులు మడిచి, వడ్డించేవాళ్ళ దగ్గరికి వెళ్ళి సాంబారు బకెట్టు అందుకున్నాడు. అచ్చమ్మ గారు చూసి, "మెల్లగా, ఒలకబోయకండి!" అని అరిచింది.

ఇంతే కథ. నాయనలారా, తల్లులారా, లేచే ముందు ఒక్క మాట వినండి. కోదండపాణి చేసిన పనుల్లో మీరు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. గర్వం గల ఆ మనిషి కుర్చీ దిగి, ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని, 'మీకు కావాల్సింది మీరు ఏమని అడుగుతారు?' అని అడిగాడు చూశారూ, ఆ పని. మీరు సైటు కట్టినా, బడి పెట్టినా, భజన పెట్టినా, ముందు ఆ ఒక్క పని చేయండి. వెళ్ళి కూర్చోండి, అడగండి, వినండి. ఆ తర్వాతే కట్టండి.

నిజం నోరు తెరిచి పిలవకపోతే దాని పీట మీద అబద్ధం వచ్చి కూర్చుంటుంది. కనుక మంచి పని చేసేవాడు దాన్ని కట్టేటప్పుడే, వెతికేవాడి మాటల్లో, ఒక్క అబద్ధమూ కలపకుండా, గొంతెత్తి పిలవాలి. ఇదే ఈ కథలోని నీతి.